జరిగింది బాబాయ్

ఉదయం తొమ్మిదీ పదికి గుమాస్తా ‘విరగ్గొట్టాడు’ అనే మాటని ‘విరిగింది’గా మార్చి, కళ్ళజోడు తుడుచుకుని, ‘తోసేశాడు’ దగ్గరికి వచ్చాడు. ‘తోసేశాడు’ కాస్త మొండి ఘటం. విరగ్గొట్టడానికి విరగడం ఉన్నట్టు, తొయ్యడానికి దానంతట అది జరిగే జోడీ మాట లేదు. ఎవడో ఒకడు పూనుకోవాల్సిందే. ఆయన ఒక నిమిషం కిటికీలోంచి పొగగొట్టం వైపు చూసి, ‘తూలిపడ్డాడు’ అని రాశాడు. గోడౌన్లో నిచ్చెన మీంచి ఒకణ్ణి ఇంకొకడు తోసిన వ్యవహారం, కాలికి కట్టు కట్టించుకున్నవాడికి తప్ప ఎవరికీ నొప్పి లేకుండా, ఆ విధంగా ముగిసింది.

ఆ ఫ్యాక్టరీలో చెంచాలు తయారవుతాయి. తయారు చేస్తారు అనకూడదు. ప్రమాదాల రిజిస్టరులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరూ ఏదీ చెయ్యలేదు. పద్నాలుగు పుస్తకాలు నిండాయి. వాటిని ఎవరైనా పట్టుబట్టి మొదట్నుంచీ చదివితే, అది మనుషులు లేని ఫ్యాక్టరీ అనుకుని జాలిపడతారు. బెల్టులు తెగాయి. బాయిలరు పేలింది. జుట్టు చక్రంలో చిక్కుకుంది. ఒకసారి గోడ కూలితే దాని కింద ఇద్దరు ఉన్నారని రాశాడు. మర్నాడు, అదే సిరాతో, లేరని రాశాడు.

ప్రతి నివేదికా ‘జరిగింది ఏమనగా’ అని మొదలవుతుంది కాబట్టి ఆయనకి ‘జరిగింది బాబాయ్’ అనే పేరు స్థిరపడింది. పెట్టిందెవరో తెలియదు. ఆయనా కనుక్కోలేదు.

మనిషి సన్నగా, సరిగ్గా చెక్కని పెన్సిల్లా ఉంటాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. కుడిచేతి మధ్యవేలి మీద కలం ఒత్తుకుని కంది గింజంత కాయ కాసింది. దాన్ని ఎప్పుడూ బొటనవేలితో తడుముకుంటూ ఉంటాడు, ఇంకా అక్కడే ఉందా అన్నట్టు. కుర్చీలో నిండుగా కూర్చోడు, అంచున కూర్చుంటాడు. ఆ కుర్చీ అసలు యజమాని కాసేపటికి బయటికెళ్ళాడనీ, వస్తే లేవాలనీ ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సిద్ధంగా ఉన్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాత్రం ఇలా లేడు. బడిలో తెలుగు వ్యాకరణంలో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పొగరు ఒంట్లో ఉండేది. కర్త, కర్మ, క్రియ – మూడూ ఉంటేనే వాక్యం మూడు కాళ్ళ పీటలా నిలబడుతుందని నమ్మేవాడు. మొదటి నివేదికలో ‘ఫోర్‌మన్ తాగివచ్చి బెల్టు తెంచాడు’ అని రాశాడు. అప్పటి మేనేజరు పిలిచి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, ఎంతో ప్రేమగా అడిగాడు.

‘‘తెంచాడు అనడం ఎందుకయ్యా? తెగింది అంటే సరిపోదూ? తెగిందన్నది అబద్ధమా?’’

గుమాస్తా ఆలోచించాడు. బెల్టు తెగిన మాట నిజమే. అబద్ధం కాదు. ఆ రోజు ఇంటికెళ్తూ దారి పొడుగునా వెతికినా అందులో అబద్ధం దొరకలేదు. అలా దొరక్కపోవడంతోనే జీవితం గడిచిపోయింది.

ఇంట్లోనూ అదే ధోరణి పట్టుకుంది. ఆయన గ్లాసులు పగలగొట్టలేదు, అవి పగిలాయి. పాలు పొంగాయి. గొడుగులు పోయాయి. పెళ్ళి కాలేదు. నిజానికి ఎదురు వీధిలో టైపు నేర్పే ఆవిడ ఒకరు ఆయన మాట కోసం రెండేళ్ళు కాచుకుంది. చివరికి సిగ్గు విడిచి ‘‘మీ ఉద్దేశం ఏంటి?’’ అని అడిగేసింది కూడా. ‘‘అవుతుంది లెండి’’ అన్నాడు ఈయన. చేసుకుంటాను అనలేదు. అవుతుందన్నాడు. అవలేదు. ఆవిడకి వేరేచోట అయింది. ‘‘మా తమ్ముడికి సంబంధం తప్పిపోయింది’’ అని వాళ్ళక్క, సంతలో తప్పిపోయిన మేకపిల్ల గురించి చెప్పినట్టు, పదేళ్ళపాటు అందరికీ చెప్పింది.

ఆ అక్కే ఇప్పుడు ఇంట్లో ఉంటుంది. భర్త పోయాక నాలుగు గిన్నెలతో వచ్చింది. ఆవిడ మాటల్లో కర్తలూ కర్మలూ ఉండవు, ఆజ్ఞలే ఉంటాయి. ఆ ఉదయం కూడా ‘‘లే. తాగు. తొడుక్కో. పో’’ అని నాలుగే మాటలు అంది. గడప దాటుతుంటే ‘‘చెయ్యేదో లాగుతోందక్కా’’ అన్నాడు. ‘‘లాగనీ’’ అంది.

తొమ్మిదీ ఇరవైకి గది గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. వచ్చింది నాలుగో నంబరు ప్రెస్సు మీద పనిచేసే గలగల. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆ అమ్మాయి మాట్లాడటం మొదలుపెడితే ప్రెస్సుల చప్పుడు వినబడదని ఫ్యాక్టరీలో ప్రతీతి. ఇవాళ మాత్రం నిశ్శబ్దంగా నిలబడింది. కుడిచేతికి మోచేతిదాకా తెల్లటి కట్టు. కట్టు చివర మూడు వేళ్ళు కనబడుతున్నాయి.

‘‘బాబాయ్, రాశావా?’’

‘‘చిత్తు రాశానమ్మా. నువ్వెందుకొచ్చావ్? డాక్టరు పడుకోమన్నాడు కదా.’’

‘‘పడుకుంటే మొలుస్తాయా? చదువు, వింటాను.’’

ఆయన కాగితం తీసి, గొంతు సవరించుకున్నాడు. ‘‘జరిగింది ఏమనగా, నిన్న ఉదయం పదకొండు గంటలకు నాలుగో నంబరు ప్రెస్సు జాలీ ఊడింది. పనిలో ఉన్న మనిషి కుడిచెయ్యి నలిగింది. రెండు వేళ్ళు తెగాయి.’’

ప్రెస్సు దిగేటప్పుడు చెయ్యి లోపలికి పోకుండా ముందు ఒక ఇనప జాలీ బిగించి ఉంటుంది. గలగల ఆ వాక్యాన్ని కాసేపు నోట్లో నానబెట్టుకుంది.

‘‘ఊడిందా?’’

‘‘అలా రాస్తామమ్మా.’’

‘‘నాలుగు బోల్టులు బాబాయ్! మెకానిక్కు పానాగాడు చెమటలు కక్కుకుంటూ అరగంట తిప్పాడు, నా కళ్ళెదురుగా. ఊడ్డానికి అదేమన్నా పండుటాకా? మొన్న మా అత్తకి పన్ను ఊడింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే దానికదే చేతిలోకొచ్చింది. అదీ ఊడ్డం అంటే. ఇది ఊడదియ్యడం.’’

గుమాస్తా మధ్యవేలి మీద కాయ తడుముకున్నాడు. అకర్మక క్రియకీ సకర్మక క్రియకీ తేడా ఇంత తేటగా ఆయనకి ఏ మాష్టారూ చెప్పలేదు.

‘‘నా వేళ్ళ గురించి రాలేదులే. పోయినవి పోయాయి. సోమవారం నుంచి ఆ మిషను మీద మా చెల్లిని కూర్చోబెడుతున్నారు. పందొమ్మిదేళ్ళు దానికి. నాకన్నా తొందర మనిషి. ఆ జాలీ మళ్ళీ బిగిస్తే చాలు నాకు. నువ్వు ఊడింది అని రాస్తే ఏమవుద్ది?’’

‘‘తనిఖీ ఆఫీసు నుంచి ‘బిగించుకోవలెను’ అని కాగితం వస్తుంది. ఫైల్లో పెడతాం.’’

‘‘ఊడదీశారు అని రాస్తే?’’

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

‘‘మిషను ఆపేస్తారు. వాళ్ళ మనిషి వచ్చి, జాలీ బిగించింది కళ్ళతో చూసిందాకా నడపనివ్వరు.’’

‘‘రెండు మాటలకీ అంత తేడానా?’’

‘‘అంతే తేడా.’’

‘‘అయితే ఆ రెండో మాట రాసెయ్యి బాబాయ్. మరీ పొడుగు మాట కూడా కాదు’’ అంది గలగల. వెళ్తూ గుమ్మంలో ఆగింది. ‘‘ఎవరు తీశారో కూడా రాయి. ఉత్తినే ఊడదీశారు అంటే దొంగలనుకుంటారు.’’

ఆ రోజు శనివారం. రిజిస్టరు నకలు తీసుకెళ్ళడానికి తనిఖీ ఆఫీసు మనిషి నాలుగింటికి వస్తాడు. గుమాస్తా చిత్తుకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. ‘శారు’ అన్న తోక ఉంది చూశారూ, దానంత పెద్ద చాటు లోకంలో లేదు. రోడ్డు తవ్వారు. కరెంటు తీశారు. రేట్లు పెంచారు. ఎవరంటే, ఎవరో. ఆ ఒక్క ‘రు’ వెనకాల ఊరు ఊరంతా దాక్కోవచ్చు, పైగా మర్యాదగా కూడా ఉంటుంది.

ఆయన లేచి నిలబడ్డాడు. కర్తని వెతుక్కుంటూ కుర్చీలోంచి లేవడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

మెకానిక్కు షెడ్డులో బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. చేతిలో పానా లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి వాణ్ణి పానా అంటారు. అప్పుడు కూడా పానాతోనే వీపు గోక్కుంటున్నాడు.

‘‘నాలుగో ప్రెస్సు జాలీ నువ్వే ఊడదీశావా?’’

‘‘నేనా? నేనెందుకు తీస్తాను బాబాయ్, నాకేం పనిలేకనా? తియ్యమంటే తీశాను.’’

‘‘అంటే తీశావు.’’

‘‘తీయించారు’’ అన్నాడు పానా, తీసిన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. ‘‘సూపర్‌వైజరు సారుని అడుగు. నా పేరు మాత్రం ఎక్కించకు, నీకు దణ్ణం పెడతాను.’’

సూపర్‌వైజరు గాజు గదిలో పెట్టెల లెక్క చూసుకుంటున్నాడు. ఆయన మెడ చొక్కా కాలరు మీంచి పొంగి బయటికి వచ్చి, ఫ్యాక్టరీలో ఏం జరుగుతోందో ఆయనకన్నా ముందు చూస్తూ ఉంటుంది.

‘‘జాలీ మీరే తీయించారా అండీ?’’

‘‘నేను తీయించడమేంటి? నాకు చెప్పారు, నేను చెప్పాను.’’

‘‘ఎవరు చెప్పారు?’’

‘‘పైనుంచి చెప్పారు.’’

‘‘పైన అంటే...’’

‘‘పైనంటే పైనే. ఏంటి బాబాయ్, కొత్తగా? ఎప్పట్లాగే ఊడిందని రాసి పారెయ్యక!’’

గుమాస్తా బయటికొచ్చి లెక్క వేసుకున్నాడు. ఊడింది, ఊడదీశాడు, ఊడదీయించాడు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మాటకి ఒక్కో ముక్క అతుక్కుంటోంది, మనిషి మాత్రం ఇంకో మెట్టు పైకి జరిగిపోతున్నాడు. ఈ లెక్కన వెళ్తే ‘ఇంచు’ మీద ‘ఇంచు’ తగిలించుకుంటూ ఆకాశం దాకా పోవాల్సి వచ్చేట్టుంది. అదృష్టవశాత్తూ ఆ ఫ్యాక్టరీకి మేడ ఒక్క అంతస్తే. ఇరవై రెండు ఇనప మెట్లు. పదకొండో మెట్టు మీద చెయ్యి మళ్ళీ లాగింది. మెట్ల కమ్మీ పట్టుకుని, కింద వరసగా లేచి పడుతున్న ప్రెస్సుల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. నాలుగో దాని మీద ఒక పాత ఏప్రన్ కప్పి ఉంది. ఎవరో కప్పారు. కాదు, కప్పి ఉంది.

మేనేజరు ఎంతో సాదరంగా లేచి నిలబడ్డాడు.

‘‘రండి రండి. కూర్చోండి. చెమట్లు పట్టాయేం? ఫ్యాను వెయ్యమంటారా?’’

‘‘నాలుగో ప్రెస్సు జాలీ సంగతండీ. మీరు తియ్యమన్నారా?’’

‘‘ఛఛ. తియ్యమని నేనెందుకంటాను?’’ మేనేజరు నిజంగానే నొచ్చుకున్నాడు. ‘‘జాలీ అడ్డం లేకపోతే గంటకి ఇంకో రెండొందల చెంచాలు పడేవి కదా, అన్నాను. అంతే. లేకపోతే. గమనించారా? తియ్యండి అనలేదు. మీరు భాష తెలిసినవారు. మీకు నేను చెప్పాలా?’’

గుమాస్తా ఆ ‘లేకపోతే’ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న తను కూడా మాటల్ని ఇంత శుభ్రంగా వాడలేదు. చేసినవాడు లేడు, చేయించినవాడు లేడు. ఒకాయన ఊరికే ఊహించుకున్నాడు, రెండు వేళ్ళు తెగాయి.

‘‘రిజిస్టరు నాలుగింటికల్లా సిద్ధం చెయ్యండి. రాత మీది కాబట్టి నాకు నిశ్చింత’’ అన్నాడు మేనేజరు, తలుపు దాకా వచ్చి.

మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. ఆకలెయ్యలేదు. ఆకలి కూడా ఆయన పని కాదు, అది ఆయనకి వెయ్యాలి. నిద్ర పట్టాలి, కోపం రావాలి, భయం కలగాలి. ఇన్నేళ్ళూ అన్నీ ఆయనకి వచ్చి పోయాయి గానీ, ఆయన దేని దగ్గరికీ వెళ్ళలేదు. ఇప్పుడు కూడా భయం వచ్చింది. వచ్చి ఎదుటి బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది. ఇంకో మూడేళ్ళు ఉద్యోగం ఉంది. అక్క ఉంది. ‘ఊడింది’ అన్నది అబద్ధమా? మూడింటిదాకా ఆ ఒక్క ప్రశ్ననే అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

అప్పుడు కిటికీలోంచి గేటు దగ్గర గలగల కనబడింది. ఇంటికి పోలేదు. పక్కన ఒక పొట్టి అమ్మాయి, రెండు జడలు, కొత్త ఏప్రన్ పొట్లం ఛాతీకి అదుముకుని, అక్క చెప్పేదానికల్లా తలూపుతోంది. అక్క ఎడమచేత్తో ప్రెస్సు ఎలా దిగుతుందో, చెయ్యి ఎప్పుడు లాక్కోవాలో గాలిలో చూపిస్తోంది. చెల్లి ఒకసారి ఆలస్యంగా లాక్కుని, నవ్వింది.

గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. నంబర్లు వేసిన పేజీలు. చింపకూడదు, కొట్టివెయ్యకూడదు, దిద్దకూడదు. అలా చేస్తే చెల్లదని మొదటి పేజీలోనే అచ్చువేసి ఉంది. ఒకసారి సిరా తగిలిందంటే అంతే. ఆయన కుర్చీలో వెనక్కి జరిగి, వీపు ఆనేట్టు నిండుగా కూర్చున్నాడు. ‘జరిగింది ఏమనగా’ అని రాయలేదు. చెయ్యి నలిగిన వివరం, తెగిన రెండు వేళ్ళ వివరం గబగబా రాసేసి, కొత్త పంక్తిలో, పెళ్ళిపత్రికకి రాసినంత పొందిగ్గా మొదలుపెట్టాడు.

‘‘కారణం: గంటకు రెండు వందల చెంచాలు ఎక్కువ పడటం కోసం, మేనేజరు గారు సూపర్‌వైజరుకు చెప్పి, మెకానిక్కు చేత, నాలుగో నంబరు ప్రెస్సు రక్షణ జాలీని నాలుగు బోల్టులు విప్పించి ఊడదీయించారు’’

ఒక్కటే వాక్యం. అందరూ ఉన్నారు. ఎవరి చోట్లో వాళ్ళు, ఎవరి విభక్తి వాళ్ళు పెట్టుకుని, బుద్ధిగా నిలబడ్డారు. మొత్తం బరువంతా చివరి మాట మోస్తోంది. తెలుగు వాక్యానికి అదొక బలం, అదొక గండం. ఎన్ని చెప్పినా తేలేది ఆఖర్నే. ఆయన చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. తొంభై ఎనిమిది మార్కులొచ్చిన రోజు కూడా ఇంత హాయిగా లేదు. వాక్యం చివర చుక్క పెడదామనుకున్నాడు.

చెయ్యి రాలేదు.

కలం బల్ల మీదికి దొర్లింది. కాస్త ఆశ్చర్యంగా దాని వైపు చూస్తుండగా తల నెమ్మదిగా వాలింది. ఎవరూ వాల్చలేదు. ఆ ఫ్యాక్టరీలో నిజంగా దానంతట అది జరిగింది అదొక్కటే.

మూడున్నరకి టీ తెచ్చిన మనిషి రెండుసార్లు పిలిచి, గ్లాసు బల్ల మీద పెట్టి, భుజం తట్టి, పరుగెత్తాడు. డాక్టరు వచ్చి కనురెప్పలెత్తి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆయన్ని నలుగురు కలిసి ఎత్తి బయటికి తీసుకెళ్ళారు. అంత తేలిగ్గా ఉంటాడని ఎవరూ అనుకోలేదు. పక్క గదిలో తనిఖీ ఆఫీసు మనిషి అప్పటికే వచ్చి బిస్కెట్లు తింటున్నాడు.

మేనేజరూ సూపర్‌వైజరూ ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, తెరిచి ఉన్న పేజీ చదివారు. సూపర్‌వైజరు మెడ ఎర్రబడింది.

‘‘కొంప ముంచాడు సార్! చింపెయ్యనా?’’

‘‘నంబరుంటుందయ్యా పేజీకి.’’

‘‘కొట్టేద్దామా?’’

‘‘చెల్లదు’’ అన్నాడు మేనేజరు. ఆయన వాక్యం చివరి దాకా వేలు పెట్టుకుంటూ వెళ్ళి, ఆగాడు. ‘‘పాపం, చుక్క పెట్టలేదు.’’

బల్ల మీద ఉన్న కలం తీసుకున్నాడు. అదే సిరా. ‘ఊడదీయించారు’ పక్కన, చాలా శ్రద్ధగా, ఒక్క ‘ట’ రాశాడు. తలకట్టు కూడా అక్కర్లేని అక్షరం. ఆ తర్వాత చుక్క పెట్టాడు.

ఊడదీయించారుట.

కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరో అన్నారు, ఇంకెవరో విన్నారు, పంపు దగ్గర బిందెలు నిండేలోపు చెప్పుకునే ముచ్చట్లో ఇదొకటి, అంతే. తనిఖీ ఆఫీసు మనిషి నకలు తీసుకుని, చదివి, ‘‘ఓహో, అట్నా’’ అని, మూతి తుడుచుకుని వెళ్ళాడు.

అయిదింటికి వాచ్‌మన్ గుమాస్తా ఇంటి తలుపు కొట్టాడు.

‘‘అమ్మా, మీ తమ్ముడుగారు పోయారమ్మా.’’

‘‘ఎక్కడికి?’’ అంది అక్క.

వాచ్‌మన్ డబ్బా ముందుకి చాపాడు. ఆవిడ అతని ముఖం చూసింది, చేతిలో విప్పకుండా తిరిగొచ్చిన డబ్బా చూసింది. ‘‘ఎక్కడికి పోయాడు?’’ అని మళ్ళీ అడిగింది, ఈసారి చాలా చిన్న గొంతుతో. అతని దగ్గర వేరే మాట లేదు.

సోమవారం పొద్దున పదిహేనో పుస్తకంలో టైమ్‌కీపరు ఇంకో నివేదిక రాశాడు. జరిగింది ఏమనగా, శనివారం మధ్యాహ్నం మూడున్నర గంటలకు గుమాస్తా గుండె ఆగింది. తనిఖీ ఆఫీసు మనిషి శనివారం వెళ్తూ ఇచ్చిపోయిన కాగితాన్ని ‘విచారించి తెలుపగలరు’ అన్న భాగం పైకి కనబడేట్టు ఫైల్లో పెట్టాడు. ఎనిమిది గంటలకి సైరన్ మోగింది. నాలుగో ప్రెస్సు మీంచి పాత ఏప్రన్ తీశారు. రెండు జడల అమ్మాయి జడలు ముడేసుకుని, స్టూలు ముందుకి లాక్కుని కూర్చుంది. గేటు బయట గలగల, కట్టు చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, ప్రెస్సు దిగిన ప్రతిసారీ పెదాలు కదిలిస్తూ ఏదో లెక్కపెడుతోంది.

కలం శనివారమే మేనేజరు జేబులో మేడెక్కింది. దాని మూత ఒక్కటి ఎవరికీ గుర్తు రాలేదు. గుమాస్తా బల్ల మీద, తాగని టీ గ్లాసు వదిలిన గోధుమరంగు వలయం పక్కన, నోరు తెరుచుకుని అలాగే ఉంది.